బోనాల నాటికే కట్టిన గోడ

మా ఇంట్లో మందుల డబ్బా కింద రెండు రిపోర్టులు ఉంటాయి. ఒకటి మా నాన్నగారి యాంజియోగ్రామ్, రెండోది మా తమ్ముడి కూతురి ఎకో. డెబ్బై మూడేళ్ల గుండె ఒకటి, నాలుగు రోజుల గుండె ఒకటి. రెండింట్లోనూ ఇంట్లో వాళ్లకు అర్థం కాని మాట ఒక్కొక్కటి ఉంది. నాన్నగారి రిపోర్టులో ‘రైట్ డామినెంట్’. పాప రిపోర్టులో ‘పెరిమెంబ్రేనస్ వీఎస్‌డీ, 4 మి.మీ.’, అంటే గుండె కింది రెండు గదుల మధ్య గోడలో ఖాళీ.

మొదటి మాట గురించి ఎవరూ బెంగపడలేదు. “అంటే నా గుండెది కుడిచేతి వాటమా?” అని నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. రెండో మాటను డాక్టరుగారు మా కోసం తెలుగు చేసి “గుండెలో చిన్న రంధ్రం” అన్నారు. ఆ సాయంత్రానికి అంబర్‌పేట నుంచి మియాపూర్ దాకా ఉన్న చుట్టాలందరికీ సంగతి చేరిపోయింది. మరునాడు పొద్దున్నే మా పెద్దమ్మ వచ్చింది.

రంధ్రం అన్న మాటలోనే ఉంది చిక్కంతా. మన భాషలో రంధ్రం దానంతట అది ఉండదు, పడుతుంది. పడిందంటే దాన్ని చేసినది ఏదో ఉండాలి. చెక్కకు పురుగు, బట్టకు ఎలుక, గోడకు మేకు. మరి గుండెకు? పెద్దమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. 2022 అక్టోబరు 25న, దీపావళి మరునాడు, సాయంత్రం సూర్యగ్రహణం పట్టింది. మా మరదలికి అప్పుడు ఆరో నెల. ఆకలేసి దొండకాయలు తరుక్కుని వేపుడు చేసుకుంది. గ్రహణం వేళ కత్తి పట్టింది కాబట్టి లోపల బిడ్డ గుండెకు కోత పడింది. “నేను ఆ రోజే చెప్పాను, ఎవరు విన్నారు?” అంది పెద్దమ్మ.

మరదలు జవాబు చెప్పలేదు. ఒళ్లో పాపను పెట్టుకుని, తన బొటనవేలి మీద ఎప్పటిదో కత్తిగాటును చూపుడువేలితో రుద్దుకుంటూ కూర్చుంది. ఆ వేలు కదలడం చూశాకే నాకు కోపం వచ్చింది.

నేను డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని. కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేశాను. పాప నెలలు నిండి ఫిబ్రవరి రెండో వారంలో పుట్టింది. వెనక్కి వెళితే గర్భం నిలిచింది మే చివరి వారంలో. మనిషి గుండె మూడో వారంలో ఒక గొట్టంగా తయారై, ఇరవై రెండో రోజు ప్రాంతంలో కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అంటే జూన్ మధ్యలో. పరీక్ష చేసుకుని మరదలు మాకు ఆ కబురు చెప్పిన వారంలోనే ఆ గొట్టం కొట్టుకోవడం మొదలై ఉంటుంది. ఎనిమిదో వారానికల్లా కింది రెండు గదుల మధ్య గోడ పూర్తవుతుంది. (పై గదుల మధ్య ఒక చిన్న తలుపు మాత్రం పుట్టేదాకా తెరుచుకునే ఉంటుంది. అది లోపం కాదు, అవసరం.) ఆ ఏడు సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాలు జూలై 17న జరిగాయి. గోడ పూర్తయినా, ఒక మూల మిగిలిపోయినా, అంతా దాదాపు ఆ బోనాల నాటికే తేలిపోయింది. గ్రహణం అప్పటికి ఇంకా మూడు నెలలకు పైగా దూరంలో ఉంది.

పెద్దమ్మ శ్రద్ధగా వింది. వేళ్ల కణుపుల మీద నెలలు లెక్కపెట్టుకుంది. “అయితే గ్రహణం కాదన్నమాట” అంది. నేను గెలిచానని అనుకున్నాను.

“బోనాల నాడు ఏం తిన్నదో మరి!” అంది.

తేదీ సరిచేస్తే నింద పోలేదు, తేదీ మార్చుకుంది. దోషి ఒకరు ఉండి తీరాలన్న పట్టుదల ఉన్నంతకాలం లెక్కలు ఎన్ని వేసినా ఇంతే. అసలు ఆ గోడ ఎలా లేస్తుందో చెప్పాలి. మూడేళ్లుగా పెద్దమ్మకు చెబుతూనే ఉన్నాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

గుండెను మనం పోత పోసిన బొమ్మలా ఊహించుకుంటాం. అలా కాదు. అందులో చాలా భాగం వలస వచ్చిన కణాలతో తయారవుతుంది. కింది గదుల మధ్య గోడ అడుగు నుంచి కండగా పైకి లేస్తుంది. పైన చివరి మూల మాత్రం కండ కాదు, పలుచని పొర. ఒళ్లంతటికీ రక్తం మోసుకెళ్లే పెద్ద నాళం బృహద్ధమని. అది బయలుదేరే చోటుకు సరిగ్గా కిందనే ఉంటుంది ఈ పొర. అక్కడ గుండె లోపలి మెత్తలు, అంటే మెత్తని కణజాలపు ఉబ్బులు, వచ్చి కలుసుకోవాలి. ఆ మెత్తల్లోకి నాడీ శిఖర కణాలు అనే పరాయి కూలీలు కూడా రావాలి. వాటి పుట్టిల్లు గుండె కాదు, మెదడు వెనుక భాగం. అక్కడి నుంచి గొంతు ప్రాంతం మీదుగా నడిచి గుండె ద్వారం దగ్గరికి చేరతాయి. 1983లో అమెరికాలో మార్గరెట్ కిర్బీ బృందం కోడి పిండంలో ఆ కణాలను ముందే తీసేసి చూసింది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం రెండుగా చీలకుండా ఒకటిగానే మిగిలిపోయింది. గుండెను ఎవరూ ముట్టుకోలేదు. కూలీలు రాలేదు, అంతే.

పొద్దున్నే ఆరు గంటలకు మన ఊళ్లో ఏ కూలీల అడ్డా దగ్గర నిలబడినా ఇది అర్థమవుతుంది. తాపీ, పలుగు పట్టుకుని వందమంది ఉంటారు. మేస్త్రీ వచ్చి పిలిస్తే పది మంది కదులుతారు. ఏ పనికి పిలిచాడో, ఆ పని ఎవరికి వచ్చో వాళ్లే కదులుతారు. కణాల అడ్డా దగ్గర ఆ పిలుపు పేరు కీమోకైన్. డెబ్బై ఎనభై అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. మనిషి ఒంట్లో ఇలాంటివి దాదాపు యాభై ఉన్నాయి. వాటిని వినే చెవులు, అంటే గ్రాహకాలు, ఇరవై దాకా ఉన్నాయి. ఒక కణం పిలుపును విడుస్తుంది. దానికి తగిన చెవి ఉన్న మరో కణం, పిలుపు ఎటువైపు చిక్కగా ఉందో అటు తన పొరను చాచి పాకుతుంది.

గుండె విషయంలో ముఖ్యమైన పిలుపు సీఎక్స్‌సీఎల్12. పేరు పెట్టినవాళ్లకు నోరు తిరిగిందేమో, నాకు తిరగదు. ఇకపై దాన్ని ‘పన్నెండు’ అంటాను. దాన్ని వినే చెవి సీఎక్స్‌సీఆర్4, దాన్ని ‘నాలుగు’ అంటాను.

వీటికీ గుండెకూ సంబంధం ఉందని మొదట ఎవరూ వెతకలేదు. పన్నెండు మీద పని చేసినవాళ్లకు కావలసింది రక్తకణాలు. అది ఎముక మజ్జలో బి కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) పెరగడానికి తోడ్పడుతుందని వాళ్లకు తెలుసు. 1996లో జపాన్‌లో తకాషి నగసావా బృందం ఎలుకల్లో ఆ జన్యువును తీసేసింది. అనుకున్నట్టే రక్తకణాలు దెబ్బతిన్నాయి. అనుకోనిది మరొకటి కనిపించింది. పిల్లలు పుట్టకముందో, పుట్టిన కాసేపటికో చనిపోయాయి. కోసి చూస్తే గుండె కింది గదుల మధ్య గోడలో ఖాళీ. మా పాప రిపోర్టులో ఉన్న అదే వీఎస్‌డీ. అదే సంవత్సరం అమెరికాలో హెచ్ఐవీ కణంలోకి దూరే తలుపును వెతుకుతున్నవాళ్లకు ‘నాలుగు’ దొరికింది. 1998లో ఆ నాలుగును తీసేసిన ఎలుకల గురించి రెండు పరిశోధనలు ఒకే పత్రికలో పక్కపక్కనే వచ్చాయి. వాటిలోనూ గోడలో ఖాళీ ఉంది, పేగులకు వెళ్లే పెద్ద రక్తనాళాలు సరిగా ఏర్పడలేదు. రక్తం కోసం వెళ్లినవాళ్లకూ వైరస్ కోసం వెళ్లినవాళ్లకూ గుండె దారిలో ఎదురైంది.

పిలిస్తే సరిపోతుందా? ఈ ప్రశ్న నాకు మా కాలేజీ వెనక ఉన్న బేకరీ దగ్గర తట్టింది. మధ్యాహ్నం ఉస్మానియా బిస్కెట్ల పెనం పొయ్యి నుంచి దిగిన కొత్తలో, సందు మొదట్లో నిలబడితే వాసన ఎటు నుంచి వస్తోందో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. అరగంట గడిస్తే వాసన సందంతా నిండిపోతుంది. అప్పుడు ఆకలి ఉంటుంది గానీ దిక్కు తెలియదు. కణానికీ అదే ఇబ్బంది. పిలుపు అన్ని వైపులా ఒకే చిక్కదనంతో ఉంటే అది పిలుపే కాదు, రొద. అందుకే ప్రకృతి రెండో చెవిని పెట్టింది. దాని పేరు ఏసీకేఆర్3. అది విని కదిలించడానికి కాదు, పన్నెండును పట్టి లోపలికి లాక్కుని మింగడానికి ఉంది. ఒక రకంగా వాసనను తుడిచే గుడ్డ. జీబ్రా చేప పిల్లల్లో ఒక కణాల గుంపు తల నుంచి తోక దాకా పక్క వెంట ప్రయాణిస్తుంది. గుంపు ముందువైపు కణాల్లో నాలుగు, వెనకవైపు కణాల్లో ఏసీకేఆర్3. వెనకవాళ్లు పన్నెండును మింగేస్తూ ఉంటారు కాబట్టి ముందువైపే పిలుపు చిక్కగా మిగులుతుంది. దారి ఎవరూ ముందే వేసి పెట్టలేదు. నడిచేవాళ్లే నడుస్తూ వేసుకుంటున్నారు. 2013లో ఇది కళ్లకు కట్టినట్టు రుజువైంది. చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ తుడిచే చెవిని తీసేస్తే ఏమవుతుందో 2007లో ఎలుకల్లో చూశారు. పిలుపు ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. బృహద్ధమని కవాటాలు, ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమని కవాటాలు వికారంగా తయారయ్యాయి, గోడలో ఖాళీలు మిగిలాయి. పైగా ఒకే జన్యువు తీసేసిన ఎలుక పిల్లల్లోనూ అన్నింటికీ ఒకే లోపం రాలేదు. కొన్నింటికి వచ్చింది, కొన్ని తప్పించుకున్నాయి.

ఇది మా ఇంట్లో రెండో తగాదాకు జవాబు. పెద్దమ్మది గ్రహణం వాదమైతే, చదువుకున్న మా బంధువులది జన్యువుల వాదం. “ఎవరి వైపు నుంచి వచ్చింది? మా వైపు ఇలాంటివి లేవు.” మాట కొత్తది, వేలు చూపేది మాత్రం పాత మనిషినే. జన్యువులకు పాత్ర లేదని నేను అనను. 22వ క్రోమోజోములో చిన్న ముక్క పోయిన పిల్లల్లో గుండె లోపాలు తరచూ కనిపిస్తాయి. మేనరికాల వల్ల ఈ ముప్పు పెరుగుతుందని మన దక్షిణాది అధ్యయనాలే చెప్పాయి. కానీ ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో కూడా ఒకరికి గుండె లోపం ఉంటే రెండోవారికి లేకపోవడమే ఎక్కువ. అవే జన్యువులు, అదే కడుపు, అదే గ్రహణం, అవే దొండకాయలు. గంటల తేడాతో, వెంట్రుక వాసి తేడాతో జరిగే వలస అది. ప్రతి వెయ్యి మంది శిశువుల్లో ఎనిమిది తొమ్మిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. ఇంత పని జరిగే చోట అంత తక్కువ మందిలోనే తేడా రావడం నాకు వింతగా ఉంటుంది. మా పాపలో తప్పింది ఈ పన్నెండే అని కూడా నేను అనడం లేదు. అలా అంటే పెద్దమ్మ కత్తిని తీసి అక్కడ ఒక ప్రోటీన్‌ను పెట్టినట్టే అవుతుంది.

ఇక నాన్నగారి రిపోర్టు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మా ప్రాక్టికల్స్‌లో కోడి పిండం స్లైడులు ఉండేవి. అవి పాతబడి పసుపుపచ్చగా మారాక, ఒక ఏడు షాద్‌నగర్ వైపు ఒక హాచరీ నుంచి పుంజు కలిసిన గుడ్లు తెప్పించాను. ఇంక్యుబేటర్‌లో మూడు రోజులు ఉంచి, లావుపాటి కొస పైకి పెట్టి, పట్టకారుతో పెంకును చిన్న చిన్న ముక్కలుగా ఒలిచాను. పచ్చసొన మీద ఎర్రటి దారాల అల్లిక. నడుమ నువ్వుగింజంత ఎర్ర చుక్క, లబ్ డబ్ ఏమీ లేకుండా మౌనంగా ఎగిరెగిరి పడుతోంది. అరిస్టాటిల్ కూడా మూడో రోజు గుడ్డు పగలగొట్టి ఈ ఎగిరే చుక్కనే చూశాడు. గదిలో ఇరవై రెండు మంది పిల్లలున్నారు, ఎవరూ ఫోను తీయలేదు. చివరి బెంచీ అమ్మాయి ఒకతె అడిగింది: “మేడం, ఈ నాళాలు గుండెలోంచి బయటికి మొలుస్తాయా, బయటి నుంచి గుండెలోకి వస్తాయా?”

“గుండెలోంచే అమ్మా, చెట్టుకు కొమ్మల్లాగా” అన్నాను. తప్పు చెప్పాను. ఆ అమ్మాయి చూస్తున్న సొన మీది నాళాలే గుండెతో సంబంధం లేకుండా అక్కడికక్కడ రక్తపు దీవులుగా పుట్టి ఒకదానితో ఒకటి కలుస్తాయి. గుండెకు రక్తం ఇచ్చే కరోనరీ ధమనుల సంగతి మరీ విచిత్రం. బృహద్ధమని నుంచి కొమ్మలు మొలిచి గుండె మీదికి పాకుతాయని పుస్తకాలు చాలాకాలం చెప్పాయి, నేనూ పదిహేనేళ్లు అదే చెప్పాను. జరిగేది తలకిందులు. ముందు గుండె మీద సన్నని నాళాల వల అల్లుకుంటుంది. ఆ వలే పాకుతూ వెళ్లి బృహద్ధమనిని వెతుక్కుని, దాని గోడలో దూరి అతుక్కుంటుంది. కొమ్మే వచ్చి కాండానికి అంటుకుంటుంది. కోడి, కంజు పిండాల్లో ఇది 1990 ప్రాంతానికే తెలిసింది. ఆ కొమ్మను పిలిచేది ఎవరు? మన పన్నెండే. 2015లో ఎలుకల్లో జరిగిన పరిశోధనలు ఆ సంగతి తేల్చాయి. బృహద్ధమని మొదలు దగ్గర పన్నెండు ఉంటుంది, వల కణాల మీద నాలుగు ఉంటుంది. ఆ జంట లేని ఎలుకల్లో వల ఉంది, ధమని ఉంది, రెండూ కలవలేదు.

ఇప్పుడు ‘రైట్ డామినెంట్’. గుండె వెనకవైపు కింది భాగానికి రక్తం ఇచ్చే ధమని కొందరిలో కుడి కరోనరీ నుంచి, కొందరిలో ఎడమ దాని నుంచి వస్తుంది. నూటికి ఎనభై మందికి పైగా కుడివాళ్లే. 2025లో అమెరికాలో 60 వేలకు పైగా మాజీ సైనికుల యాంజియోగ్రామ్‌లను జన్యువులతో పోల్చి చూస్తే, ఈ కుడి ఎడమల తేడాతో గట్టిగా ముడిపడిన చోటు పన్నెండు జన్యువు పక్కనే తేలింది. నాన్నగారు నవ్వి ఊరుకున్న మాట, పాప రిపోర్టులోని మాట ఒకే రకపు ప్రయాణాల ఆనవాళ్లు. ఒకచోట దాన్ని ‘వాటం’ అన్నాం, ఒకచోట ‘రంధ్రం’ అన్నాం. వాటానికి ఎవరూ ఆయన తల్లిని తప్పుపట్టలేదు.

ఒక్క దోషిని వెతికేవాళ్లే ఒక్క మందునూ వెతుకుతారు. పాప సంగతి తెలిశాక మా తమ్ముడి ఫోనుకు ‘మూలకణాలతో గుండె మరమ్మతు’ అన్న ప్రకటనలు రావడం మొదలైంది. వాళ్లు చెప్పే కథలో కొంత నిజం ఉంది, అదే ప్రమాదం. పుట్టిన కొత్తలో ఎలుక గుండెకు దెబ్బ తగిలితే, పన్నెండు పిలుపు విని ధమని గోడలోని కణాలు ఒక్కొక్కటిగా బయటికి వచ్చి, కొత్త చోట మళ్లీ ధమనిగా కూడుకుంటాయని 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. అద్భుతం. అయితే గుండె వైఫల్యం ఉన్న పెద్దవాళ్ల గుండెలోకి పన్నెండు జన్యువునే ఎక్కించి చూసిన ప్రయోగం ఫలితాలు అంతకు ముందే, 2015లోనే వచ్చాయి. 93 మంది రోగులు. నాలుగు నెలల తర్వాత చూస్తే, అనుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. ఇల్లు పూర్తయ్యాక మేస్త్రీ వచ్చి ఎంత అరిస్తే మాత్రం అడ్డా మీద మనుషులుండాలి కదా. ఇక పిలుపు ఆగకపోతే ఏమవుతుందో చూడాలంటే ‘విమ్’ అనే అరుదైన జబ్బు ఉంది. అందులో నాలుగు అనే చెవి ఒకసారి తెరుచుకుంటే మూసుకోదు. కణాలు మజ్జలోనే ఇరుక్కుపోతాయి, ఆ రోగుల్లో కొందరికి పుట్టుకతో గుండె లోపం కూడా కనిపించింది. 2024లో దానికి మందు వచ్చింది. ఆ మందు చేసే పని పిలుపును పెంచడం కాదు, చెవిని మూయడం.

చేయగలిగింది ఏమీ లేదా? ఉంది, కానీ దానికి ఆకర్షణ తక్కువ. గర్భానికి ముందే తల్లికి షుగరు ఉండి అదుపులో లేకపోతే, బిడ్డకు గుండె లోపం ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది. మనం షుగరు పరీక్షను గట్టిగా పట్టించుకునేది ఆరో ఏడో నెలలో. బిడ్డ అవయవాల్లో లోపాలు వెతికే టిఫా స్కాన్ తీసేది ఐదో నెలలో. గోడ పని రెండో నెలలోనే ముగిసిపోయింది. రుబెల్లా సోకితే బిడ్డ కంటికి ముప్పని 1941లోనే ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ గుర్తించాడు, గుండెకూ ముప్పేనని అప్పుడే తెలిసింది. మన దేశంలో పిల్లలందరికీ ఆ టీకా ఉద్యమంలా వేయడం మొదలైంది 2017లో, అదీ పదిహేనేళ్ల లోపు వాళ్లకు. అప్పటికి పదిహేను దాటిన అమ్మాయిలే ఎక్కువగా ఈ రోజు తల్లులవుతున్నారు. పెళ్లి చూపుల్లో జాతకాలు చూస్తాం, జీతం చూస్తాం, ఫ్లాటు ఏ వైపు ఉందో చూస్తాం. అమ్మాయికి రుబెల్లా టీకా పడిందా, షుగరు ఎంత ఉంది అని అడిగితే మాత్రం అవమానం. అడగాల్సింది పెళ్లిచూపుల్లో కూడా కాదులెండి, అక్కడ అడిగితే అదొక కొత్త సాకవుతుంది. పెళ్లయ్యాక, ఆ ఇద్దరూ పిల్లలు కావాలనుకున్నప్పుడు, మొదటి నెల తప్పకముందు, ఒక డాక్టరు అడగాలి.

పోయిన నెలలో పాపకు మళ్లీ ఎకో తీశారు. తెర మీద ఎరుపూ నీలం రంగుల మధ్య సన్నని దారం ఒకటి ఇంకా కనిపించింది. 4 మి.మీ. కాస్తా 2 మి.మీ. అయింది. కత్తీ సూదీ లేకుండా మూసుకుపోవచ్చని, ఆరు నెలల తర్వాత రమ్మని అన్నారు. ఇంటికి వచ్చాక పెద్దమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది: “ఇప్పుడెవరు మూస్తున్నారే దాన్ని?”

“పక్కనున్న కవాటం పొర కొంచెం కొంచెంగా వచ్చి అతుక్కుంటోంది పెద్దమ్మా.”

“దాన్ని ఎవరు పిలిచారు మరి?”

వంటింటి గడప దగ్గర మరదలు పీట వేసుకుని దొండకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

“నేనే పెద్దత్తయ్యా” అంది.